గార్డుగారి గడియ

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, గార్డుగారి ముందుగదిలోని రైల్వే స్టేషను పూర్తయింది. ఆయన ఏనాడూ రైల్వేలో పనిచేయలేదు. పటాలు గీసే ఆఫీసులో రిటైరయ్యారు. నాలుగేళ్లుగా అగ్గిపుల్లలు, అట్టలు, రేకుముక్కలతో అసలు రైల్వేలో ఎనభై ఏడో వంతు రైల్వేని నిర్మిస్తున్నందుకు వీధివాళ్లు ఆ బిరుదిచ్చారు. కొన్న భాగం ఒక్కటి కూడా వాడకూడదన్నది ఆయన వ్రతం.

ఆ వ్రతం ముందుగది దాటి స్నానాలగది దాకా పాకింది. దాని తలుపు గడియ ఊడిపోయి కూడా సరిగ్గా నాలుగేళ్లు.

"చేతిలో విద్య పెట్టుకుని బజారు గడియ కొంటామా? నలుగురూ ఏమనుకుంటారే? చేస్తానన్నానుగా!" అనేవారు గార్డుగారు.

"నలుగురి సంగతేమో గానీ, నీళ్లు పోసుకోవాలంటే నాకు గుండె దడండీ," అనేది ఇల్లాలు.

ఈలోగా తాత్కాలిక ఏర్పాటుగా, లోపల మనిషి ఉన్నట్టు బయటికి తెలియడానికి దగ్గు అమల్లోకి వచ్చింది. తలుపు వెనక 'దయచేసి దగ్గండి' అని కాగితం అంటించారు. కూతురు నాలుగు రోజులుందామని వచ్చి, రెండోరోజుకే గొంతు బొంగురుపోయి వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవానికి సూక్ష్మ రైల్వేల సంఘం యావత్తూ తరలివచ్చింది. బొమ్మ స్టేషనులోని స్నానాలగదికి ఆవగింజంత గడియ ఉంది. అధ్యక్షులవారు భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో దాన్ని వేసి, తీసి, మళ్లీ వేసి పులకించిపోయారు.

"సోదరులారా! ప్రయాణికుల మానమర్యాదల గురించి ఇంతగా ఆలోచించిన నిర్మాత నభూతో నభవిష్యతి!"

ప్రయాణికులు మైనపు బొమ్మలు. చప్పట్లకు ఇద్దరు ప్లాట్‌ఫాం మీద పడిపోయారు.

ఉపన్యాసం ముగించి అధ్యక్షులవారు స్నానాలగదికి వెళ్లి, కాగితం చదువుకుని, దగ్గారు. ఆ తర్వాత కార్యదర్శి, కోశాధికారి హోదాల వారీగా దగ్గారు. గడియ ఏదని ఒక్కరూ అడగలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనుకుంది ఇల్లాలు.

మర్నాడు ఆమే బజారుకెళ్లి గడియ కొని, పక్కింటివాళ్ల స్క్రూడ్రైవరుతో బిగించింది. పావుగంట పట్టింది. "వచ్చెయ్యమ్మా, గడియ పెట్టేశాను," అని కూతురికి ఫోన్ చేసింది. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి నోరు మూసుకుని స్నానం చేసింది.

వ్రతభంగం వార్త విని సంఘం అత్యవసరంగా పరామర్శకు వచ్చింది. గార్డుగారు తలదించుకుని టీలు అందించారు. టీ తాగిన అధ్యక్షులవారు స్నానాలగది ముందు చెవి ఒగ్గారు. దగ్గు వినిపించలేదు. ఎవరూ లేరనుకుని తలుపు తోశారు. తెరుచుకోలేదు.

"చూశారా, బజారు సరుకు! తలుపు పాడైపోయింది," అన్నారు.

సంఘమంతా తలూపింది. ఇది రాస్తున్నవాడూ ఊపాడు. మీరక్కడుంటే మీరూ ఊపేవారే.