టైలరమ్మ డాబాకి తొమ్మిది ట్రిప్పులు

వరద తీసింది గానీ వీధిలో నీళ్లు ఇంకా నడుము లోతున ఉన్నాయి. అయినా టైలరమ్మ ఆ పొద్దున చేయాల్సిన పనులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ లేచింది. కింద కొట్లోంచి కుట్టు మిషనునీ, ఊరివాళ్ల బట్టల్నీ ముందురోజే పైకి చేర్చింది. ఇవాళ ఎండ కాసింది కనుక తడిసినవన్నీ డాబా మీద ఆరేయాలి, మిషనుకి నూనె పెట్టాలి, ఆనక కాస్త నడుం వాల్చాలి. అంతకు మించి ఆవిడకి కోరికల్లేవు. ఉన్నదల్లా ఒక్కటే, దాన్ని మూడేళ్లుగా ఎవరికీ చెప్పుకోవడం లేదు.

అది చెల్లెలి మీది బెంగ. తల్లి పోయేనాటికి చిన్నదానికి ఆరేళ్లు, టైలరమ్మకి ఇరవై ఎనిమిది. ఒళ్లో కూర్చోబెట్టుకుని మిషను తొక్కుతూ పెంచింది. ఆ పిల్ల పెద్దదై సూది పట్టనంది, ఆపదలో ఉన్నవాళ్ల కోసం డ్రోన్లు నడిపే చదువుకి పోతానంది. "గాల్లో ఎగిరేదానికి నా ఇంట్లో చోటెందుకు?" అని టైలరమ్మ నోరు జారింది. చిన్నది ఆ పూటే సంచీ సర్దుకుంది. పెద్దదాన్ని, నేనెందుకు ఫోను చేస్తానని ఈవిడ. అన్నది అక్కే కదా, తనే చేయాలని చిన్నది. రోజూ కొట్టు మూసే వేళకి ఫోనులో తొమ్మిది అంకెలు నొక్కి పదో అంకె దగ్గర ఆగిపోవడం టైలరమ్మకి అలవాటైపోయింది.

సరే, ఆరేసినవాటిలో ఎవరిదో కిటికీ తెర ఒకటి ఉంది, ఎర్రనిది. వరద ముంచకుండా వదిలేసిన కొంపని అది ముంచింది. నీళ్లు రాకముందు సహాయ కేంద్రం వాళ్లు ఇంటింటికీ ఒక కాగితం పంచారు. సాయం కావలసినవాళ్లు డాబా మీద ఎర్ర గుడ్డ కట్టాలి. డ్రోను వచ్చాక ఒక చెయ్యి ఎత్తితే నీళ్లు, రెండు చేతులూ ఎత్తితే తిండి, తల మీద చెయ్యి పెడితే మందులు, పొట్ట మీద పెడితే పురుడు, పడుకుంటే కదల్లేని స్థితి అని అర్థం. టైలరమ్మ ఆ కాగితం వెనక కాలరు కొలతలు రాసుకుంది గానీ ముందు వైపు చదవలేదు.

కొట్లో గౌన్లు తొడిగి చూపించే నిలువెత్తు బొమ్మలు ఐదింటినీ కూడా ఆవిడ ఎండలో నిలబెట్టింది. వాటికి తలలుండవు గనుక, ఆరాల్సిన టోపీలు ఆ మెడల మీద బోర్లించింది. అప్పుడు ఝుమ్మంటూ డ్రోను వచ్చి డాబా పైన నిలిచింది. టైలరమ్మ కాకిని తోలినట్టు చెయ్యెత్తి విసిరింది. డ్రోను పొట్టలోంచి నీళ్ల సీసాలు జారాయి, స్పీకరు మాట్లాడింది.

"భయపడకండి. ఈ నీళ్లు మాత్రమే తాగండి, సరేనా?"

టైలరమ్మ చేతిలోని తడిబట్ట కిందపడింది. ఆ "సరేనా" ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా? "అక్కా, నేను పడుకుంటున్నా, సరేనా? నువ్వు దీపం తీయకు, సరేనా?" అంటూ తన మోచేతి కింద పెరిగిన గొంతు అది. కాస్త బరువెక్కింది, అంతే.

పక్క డాబా మీద పిట్టగోడకి ఆనుకుని లెక్కల మాస్టారు నిలబడి ఉన్నారు. బడి వదిలి పదేళ్లయినా ఆయన ఇంకా అందరికీ లెక్కలు చెబుతూనే ఉంటారు.

"ఏంటమ్మా, ఆకాశంతో మాటలు?"

"అందులో మాట్లాడింది మా చిన్నది, మాస్టారూ."

"అది ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు. ఏ సైగకి ఆ మాట వస్తుంది. అందులో మనిషి ఉండదు."

"మనిషి లేకపోతే పోనీండి, మాట ఉంది కదా." టైలరమ్మ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. "అయితే ఒక్కో సైగకి ఒక్కో మాటా?"

"కాగితంలో సైగలు ఐదు. కాబట్టి మాటలూ ఐదే."

ఆవిడ లోపలికి పరుగెత్తి కాగితం తెచ్చి తిప్పి చదివింది. డ్రోను మళ్లీ వచ్చేసరికి రెండు చేతులూ ఎత్తి నిలబడింది. బిస్కెట్లు పడ్డాయి. "అందరూ పంచుకుని తినండి, సరేనా?" అంది గొంతు. మూడోసారి తల మీద చెయ్యి పెట్టింది. జ్వరం మాత్రలు పడ్డాయి. "మీ ఒళ్లు జాగ్రత్త, సరేనా?" అన్నందుకు టైలరమ్మ తల ఊపింది కూడా.

"నా బీపీ మాత్రలు నీళ్లపాలయ్యాయమ్మా," అన్నారు మాస్టారు. "ఈసారి చెయ్యి ఇంకాస్త గట్టిగా పెట్టి చూడండి."

గట్టిగా పెడితే మళ్లీ జ్వరం మాత్రలే వచ్చాయి. ఇక మిగిలింది పొట్ట.

"ఈ వయసులోనా?"

"అంత పైనుంచి వయసేం కనిపిస్తుంది మాస్టారూ?"

"వయసు కనిపించదు. పొట్ట కనిపిస్తుంది."

ఐదోసారి టైలరమ్మ సిగ్గు చంపుకుని పొట్ట మీద చెయ్యి వేసింది. "కంగారు పడకండి. ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, సరేనా?" అంది గొంతు. చెల్లెలు పడుకోమంటే పడుకోకపోవడమెలా? పడుకుంది. పడుకోవడం ఐదో సైగ అని ఆ క్షణాన ఆవిడకి గుర్తులేదు.

"కళ్లు మూయకండి," అంది గొంతు. "నా మాట వింటూ ఉండండి. నేను ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ వెళ్లను, సరేనా?"

ఆ మాట విన్నాక టైలరమ్మకి లేవబుద్ధి కాలేదు. చెంప కింద గచ్చు వేడిగా ఉంది, కళ్లు వాటంతటవే కారుతున్నాయి. డ్రోను వెళ్లింది, వచ్చింది. మళ్లీ వెళ్లింది, వచ్చింది. వచ్చినప్పుడల్లా ఎక్కడికీ వెళ్లనని చెప్పి వెళ్లిపోయింది. మాస్టారు మాత్రం వేళ్లు మడుస్తూ తొమ్మిది దాకా లెక్కపెట్టారు.

ఇంతలో టైలరమ్మకి నొప్పులని మూడో డాబాకి తెలిసింది. కవలలని ఐదో డాబాకి చేరింది. ఏడో డాబా మీద ముసలమ్మ, "తండ్రి ఎవరట?" అని ఆరా తీయడం మొదలుపెట్టింది. వీధి మొదట్లో రెండు పడవలు కనిపించాయి. డాక్టరు, నర్సు, స్ట్రెచరు, వెనక విజిలు ఊదుతూ సహాయ కేంద్రం ఆఫీసరు. అందరూ నిచ్చెన వేసుకుని పైకి వచ్చారు. డాక్టరు అన్నిటికంటే ముందున్న బొమ్మ మణికట్టు పట్టుకుని నాడి చూసి, మొహం పాలిపోయి రెండో బొమ్మ దగ్గరికి నడిచాడు.

"పురుడు ఎవరికి?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరికీ లేదు బాబూ," అంది టైలరమ్మ, లేచి కూర్చుని చెంగుతో మొహం తుడుచుకుంటూ. "మాట్లాడేది మా చెల్లెలు. దాని గొంతు విని మూడేళ్లయింది. తప్పు నాదే, ఏ శిక్ష వేసినా సరే. నా మూలాన ఎవరికైనా సాయం అందకుండా పోయిందా?"

ఆఫీసరు తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, మళ్లీ తెరిచాడు.

"లేదమ్మా. మిగతా వీధులన్నీ నిన్ననే అయిపోయాయి. నాకు అర్థం కానిది వేరే ఉంది. డ్రోను ఏ డాబాకైనా ఒక్కసారే వెళ్తుంది. రెండోసారి రావాలంటే నడిపేవాళ్లు చేత్తో నొక్కి పంపాలి. మీకు తొమ్మిది సార్లు ఎవరు పంపారు?" చేతిలో వాకీటాకీ ఎత్తాడు. "ఈ డ్రోను మీద డ్యూటీ ఎవరిది?"

జవాబు వాకీటాకీలోంచి రాలేదు. తొమ్మిదోసారి వచ్చి ఇంకా తల మీదే నిలిచి ఉన్న డ్రోను స్పీకరులోంచి వచ్చింది.

"నాదే సార్."

"తొమ్మిది సార్లు ఎందుకు పంపావు?"

"కెమెరాలో సరిగా కనపళ్లేదు సార్." డ్రోను ఒక మూర కిందికి దిగింది. "మొదటిసారి అక్క చెయ్యి ఊపి పొమ్మంది సార్. ఇంకా కోపంగానే ఉందనుకున్నాను. ఒక్కసారి మొహం చూసి వెళ్లిపోదామని మళ్లీ వచ్చాను. రెండు చేతులూ ఎత్తి రమ్మంది."

నర్సు ఎందుకో అటు తిరిగింది.

"పడుకున్నాక ఇక లేవలేదు," అంది చిన్నది. "డాక్టర్ని పంపింది కూడా నేనే."

టైలరమ్మ తల పైకెత్తింది.

"చిక్కిపోయావటే?" అంది ఆ ఇనుప పిట్టని చూస్తూ.

"నేను నీకు కనిపించను అక్కా. నువ్వే నాకు కనిపిస్తావు. నువ్వే చిక్కావు."

"వచ్చి చెప్పు ఆ మాట."

"ఆరింటికి డ్యూటీ దిగి పడవలో వస్తాను. ముందు నువ్వు నీడలోకి పో."

"ఇది సహాయ కేంద్రం స్పీకరమ్మా," అన్నాడు ఆఫీసరు నీరసంగా. ఎవరూ వినిపించుకోలేదు. అక్కాచెల్లెళ్లు బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడుకున్నారు. అందులో సగం పోట్లాటే, ఏడు డాబాల వాళ్లూ చెవులప్పగించి విన్నారు.

తొమ్మిది ట్రిప్పులకి కారణం కెమెరా లోపమని ఆఫీసరు రిపోర్టులో రాసిచ్చాడు. వారం తిరక్కుండా కేంద్రానికి కొత్త కెమెరా వచ్చింది.