సున్నా వాట్ల హెడ్‌లైటు

చీకటి మీద మానవజాతి సాధించిన ప్రతి విజయం వెనకా ఏదో ఒక కమిటీ ఆమోదముద్ర ఉండే ఉంటుంది. నిప్పు కనిపెట్టినవాడు కూడా మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకునే ఉంటాడు (మూడో ప్రతి ఎక్కడో పోయింది, అందుకే వాడి పేరు మనకి తెలీదు).

ఆ ఆనవాయితీ ప్రకారమే ఒక మంగళవారం పొద్దున్న పదకొండింటికి, హెడ్‌లైట్ల కంపెనీ మూడో అంతస్తులో వెలుగు ఆమోద కమిటీ కొలువుదీరింది. బల్ల మీద కొత్త లైటు పెట్టి, పక్కన చేతులు కట్టుకుని నిలబడింది దాన్ని తయారుచేసిన డిజైనరు. ఆఫీసులో అందరూ ఆ పిల్లని మిణుగురు అంటారు.

ఆ లైటులో ఇరవై వేల ఎల్‌ఈడీ చుక్కలు. ఏ చుక్కకాచుక్క విడిగా వెలుగుతుంది, విడిగా ఆరుతుంది. ఎదురుగా బండి వస్తే ఆ డ్రైవరు కళ్ల మీద పడే చుక్కలు మాత్రం ఆరిపోతాయి, మిగతా రోడ్డంతా పట్టపగల్లా కనిపిస్తుంది. మూడేళ్లపాటు మిణుగురు దీనితోనే తిని, దీనితోనే పడుకుంది. కారణం వాళ్ల అన్నయ్య. బ్రెడ్డు వ్యాను తోలే ఆ మనిషి, ఎవడిదో లైటు కళ్లలో కొట్టి, వ్యానుతో సహా గుంతలో దిగబడి, ఆరు వారాలు కాలికి కట్టుతో మంచాన పడ్డాడు. కమిటీ ఊ అంటే మొదటి యాభై జతల లైట్లు అన్నయ్య పనిచేసే బ్రెడ్డు కంపెనీ వ్యాన్లకే.

"అయితే ఎదుటోడి కళ్లలో పడదంటావ్?" అన్నారు చైర్మన్‌గారు.

"అస్సలు పడదండీ."

"మరి మనది కొత్త లైటని వాడికెలా తెలుస్తుంది?"

ఈ మౌలికమైన ప్రశ్నతో చుక్కల పంపకాలు మొదలయ్యాయి. కంపెనీ గుర్తు రోడ్డు మీద పడి తీరాలంది ప్రచార విభాగం. దానికి ఏడు వేల చుక్కలు. ఆ గుర్తు కింద 'ఈ వెలుతురులో కనిపించిన వాటికి కంపెనీ బాధ్యత వహించదు' అని ఉండాలన్నాడు లాయరు. ఐదు వేలు. (చిన్న అక్షరాలైతే మూడు వేలతో సరిపోయేది, కానీ చిన్న అక్షరాలు చదవాలంటే లైటు కావాలి.) మనిషి ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదంటూ గొంతు సవరించుకుని, 'ముందు రోడ్డు చీకటిగా ఉంది, జాగ్రత్త' అనే హెచ్చరిక వేయమన్నాడు భద్రతాధికారి. దానికి ఏడు వేల ఎనిమిది వందలు.

"రోడ్డుకి రెండొందల చుక్కలే మిగిలాయి సార్," అంది మిణుగురు.

"రోడ్డెక్కడికి పోతుందమ్మా? నిన్న ఉన్నచోటే ఉంటుంది," అన్నాడు భద్రతాధికారి.

ఇక పొదుపు పరీక్ష. లైట్లని చీకట్లో పరీక్షించాలనే నియమం ఉంది. అయితే సిబ్బందికి రాత్రి భత్యం ఇచ్చే ఫైలు నాలుగేళ్లుగా పరిశీలనలో ఉన్నందువల్ల, పరీక్షలన్నీ పగలే, ఈ గదిలోనే జరుగుతాయి. సమావేశం నడుస్తుండగా ట్యూబులైట్లు ఆర్పకూడదనేది ఇంకో నియమం. రెండు నియమాలూ కలిసి ఇన్నాళ్లూ సామరస్యంగానే కాపురం చేశాయి.

ఆఫీసంతా పొదుపు బాబాయ్ అని పిలుచుకునే అధికారి లేచి, వెలుగు కొలిచే మీటరు గోడకి ఆనించాడు. రెండొందల చుక్కలూ వెలిగించాడు. రెండు వాట్ల కరెంటుకి మీటరు నాలుగొందల ఒకటి చూపించింది. ప్లగ్గు పీకేశాడు. నాలుగొందలు.

"చూశారా! రెండు వాట్లు మింగి నాలుగొందల ఒకటి. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా నాలుగొందలు!"

"అయ్యో బాబాయ్, అది ట్యూబులైటు వెలుగు!"

"మీటరుకి తన పర భేదం ఉండదమ్మా."

"పోనీ ఒక్క నిమిషం ఆర్పి చూడండి, మీకే తెలుస్తుంది."

"ఆర్పేస్తే మీటరు మీద అంకెలు కనపడొద్దూ?"

కమిటీ మొత్తం ఆ పిల్ల వంక జాలిగా చూసింది. చదువుంది, లోకజ్ఞానం లేదు.

సున్నా వాట్లతో వెలిగే హెడ్‌లైటు ప్రపంచంలో ఇదే మొదటిదని చైర్మన్‌గారు ప్రకటించారు. తీర్మానం ఏకగ్రీవం (మిణుగురుకి ఓటు లేదు, చప్పట్లు కొట్టే హక్కు మాత్రం ఉంది). ఆమె ఆ హక్కు వాడుకోలేదు.

"సార్, మా అన్నయ్య తెల్లారగట్ల మూడింటికి వ్యాను తీస్తాడు. ఇది పెట్టుకుని ఎలా తోలతాడు సార్? మళ్లీ గుంతలో పడితే?"

చైర్మన్‌గారి మనసు కరిగింది. ఆయనకీ ఒక చెల్లెలుంది.

"కంగారు పడకమ్మా. చీకటి అనేది ప్రత్యేక పరిస్థితి. దానికి వాడకం పుస్తకంలో వేరే పేరా పెట్టిద్దాం."

పెట్టించారు కూడా, మాట తప్పే మనుషులు కారు. మూడు నెలలకి యాభై వ్యాన్లకీ లైట్లు బిగించారు. ఆ సాయంత్రం వ్యాన్ల షెడ్డు నుంచి అన్నయ్య ఫోను చేశాడు.

"చెల్లాయ్, ఎన్నిసార్లు స్విచ్చి నొక్కినా వెలగట్లేదే. పుస్తకం తీశా. పదకొండో పేజీలో ఏదో ఉంది, చదవనా?"

"చదువన్నయ్యా," అంది మిణుగురు, కళ్లు మూసుకుని.

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నయ్య చదివాడు.

"చీకటిలో ప్రయాణము తప్పనిసరి అయినచో, వాహనమును పక్కకు ఆపి, పాత లైట్లతో ఎదురుగా వచ్చు వాహనము కొరకు వేచియుండి, ఆ వెలుగు కళ్లలో పడుచున్నంతసేపు నడుపుకొనవలెను."