పది పనిదినాల నోటీసు

నా కుడి మోకాలు వంగకుండా పోవడానికి మా ఆసుపత్రి మేనేజరు రూళ్ళకర్ర గారే పూర్తి బాధ్యులని ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఆయన అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంటుంది. మేం మాత్రం ఆయన నడక చూసి, మనసు చూసి ఈ పేరు ఖాయం చేశాం.

నేను అదే ఆసుపత్రిలో చక్రాల కుర్చీలు తోసేవాణ్ణి. ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టి, ఇప్పటికీ ఆ సెలవు మీదే ఉన్నాను. "జారిపడతారు, జాగ్రత్త" అనే బోర్డు గోడకు కొడుతూ స్టూలు మీంచి జారిపడ్డాను. ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఎముకల డాక్టరు గారు కట్టు విప్పుతూ, "ఆరు వారాల్లోగా ఫిజియోథెరపీ చేయించి వంచాలి. ఆలస్యమైతే బిగుసుకుపోతుంది. తర్వాత నేనూ చేసేదేం ఉండదు" అన్నారు.

మా ఫిజియోథెరపీ గది చూసి తీరవలసినది. పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, ఎక్కడికీ వెళ్లని సైకిలు, మనిషి నడుం ఎత్తు ఎర్ర బంతి, గోడంతా అద్దం. లేనిదల్లా ఫిజియోథెరపిస్టే. నాలుగేళ్లుగా ఆ ఉద్యోగం ఖాళీ. అందువల్ల రోగుల నుంచి ఒక్క ఫిర్యాదూ రాని విభాగంగా ఏటా దానికే బహుమతి. అందుకోవడానికి రూళ్ళకర్ర గారు స్వయంగా వెళ్తారు.

ప్రభుత్వం వారికి ఈ సంగతి తెలియదనుకోకండి. ఫిజియోథెరపిస్టులకు కొరత ఉందని, ఆ కొరతను ఎవరూ రుజువు చేయనక్కర్లేదని, బయటి దేశాల నుంచి వెంటనే తెచ్చుకోవచ్చని వారు ఏనాడో ప్రకటించారు. "వెంటనే" అంటే ఎప్పుడో నూట నలభై పేజీల్లో విడిగా వివరించారు.

ఆ ప్రకారం మావాళ్లు ఒకమ్మాయిని ఎంపిక చేశారు. తొమ్మిదేళ్ల అనుభవం. మంచాన పడ్డవాళ్లని ఎందరినో లేపి నడిపించిన చెయ్యి. అయితే ఆవిడ చదువుకున్న మోకాలు, మన మోకాలు ఒకటేనా అని పెద్దలకు సందేహం వచ్చింది. ఒక సంఘం పద్దెనిమిది నెలలు కూర్చుని, రెండూ కాలి మధ్యలోనే ఉంటాయని ధ్రువీకరించింది. నేను కింద పడేనాటికి ఇక మిగిలింది నోటీసు; పోయినేడు ఒకసారి పెట్టినదానికి కాలం చెల్లిందట. "ఈ ఉద్యోగంలోకి విదేశీ అభ్యర్థిని తీసుకుంటున్నాం. అభ్యంతరం ఉన్నవారు తెలుపవచ్చు" అని పనిచేసే చోట వరసగా పది పనిదినాలు గోడకు ఉండాలి. అభ్యంతరం చెప్పడం పౌరుడి హక్కు. ఆ హక్కంటే నాకు మొదటి నుంచీ గౌరవమే.

కాలు బాగాలేనివాడికి తేలిక పని ఇవ్వాలని రూలు. కనుక నోటీసు నాచేతే అంటింపజేసి, రిజిస్టరులో సంతకం పెట్టించి, దానికి నన్నే కాపలా ఉంచారు. ఆ అమ్మాయి వారానికోసారి గది ఫోనుకు చేసేది.

"బాబాయ్, నోటీసు ఉందా?"

"ఉందమ్మా, నిటారుగా."

"మోకాలో?"

"అదీ నిటారుగానే."

"అయ్యో, అలా వదిలేస్తే ఎలా బాబాయ్? మంచం మీద పడుకుని మడమని మెల్లగా వెనక్కి జరపండి. కాస్త నొప్పొచ్చినా..."

రూళ్ళకర్ర గారు రిసీవరు లాక్కున్నారు. "అనుమతి రాకముందే వైద్యం చేస్తే అక్రమ ఉద్యోగం కిందికొస్తుందమ్మా. నువ్వు చెప్పింది మావాడు వినలేదు." నావైపు తిరిగి, "విన్నావా?" అన్నారు.

"సగం విన్నానండి."

"ఆ సగం మర్చిపో."

ఆ రోజు నుంచి ఫోనుకు తాళం.

తొమ్మిదో రోజు ఫ్యాను గాలికి నోటీసు ఊడి బోర్లా పడింది. తీద్దామంటే నా కాలు వంగదు. వార్డు తుడిచే ఆవిడ వంగబోయింది. "ఆగమ్మా! అంటించినట్టు సంతకం పెట్టినవాడే తియ్యాలి" అని గద్దించారు రూళ్ళకర్ర గారు.

"వంగగలిగితే తియ్యనా అండి?"

"నిన్ను వంచడానికే కదయ్యా ఆ అమ్మాయిని తెప్పిస్తున్నాం! ఓపిక పట్టు."

సాయంత్రానికి చంకకర్ర చివర జిగురు రాసి నేనే దాన్ని లేపాను. లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఈసారి అద్దాల పెట్టెలో పెట్టారు. ఏడో రోజు తనిఖీకొచ్చిన అధికారి, కుర్చీలో కూర్చున్న రోగి కంటికి అది అందడం లేదన్నారు. జానెడు కిందికి దించారు. లెక్క మళ్లీ ఒకటి.

మూడోసారి పది రోజులూ నిండాయి. ఆరో వారం. అమ్మాయి పెట్టె సర్దుకుంది. రూళ్ళకర్ర గారు ఖాళీ గదిలో ఎర్ర బంతి పక్కన నిలబడి, "క్రమశిక్షణతో వేలాడిన ఈ నోటీసు మనందరికీ ఆదర్శం" అని ప్రసంగించారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. చేతులు వంగుతాయి.

అప్పుడు పైనుంచి ఫైలు వచ్చింది. పోయినేడు ఇదే ఉద్యోగానికి మొదటిసారి నోటీసు పెట్టినప్పుడు ఒక అభ్యంతరం అందిందట. "మా ఉద్యోగాలు మాకే, పరాయివాళ్లు వద్దు" అని రెండు వందల పన్నెండు సంతకాలు. అభ్యంతరాలకు కాలదోషం పట్టదు. మొదటి సంతకం చేసినవాణ్ణి విచారణకు రమ్మన్నారు. చంకకర్రల మీద నేనే వెళ్లాను. ఆ సంతకం నాదే.

"ఈ ఉద్యోగం నీకు కావాలా?" అన్నారు అధికారి.

"నాకు ఫిజియోథెరపిస్టు కావాలండి."

"అడిగింది అది కాదు. ఇక్కడివాడివేనా?"

"పుట్టిందే ఈ ఆసుపత్రిలోనండి."

"అయితే స్థానిక అభ్యర్థి ఒకరున్నారు" అని రాసుకున్నారు. నా ఏడో తరగతి ఆ ఉద్యోగానికి సరిపోతుందో లేదో తేల్చడానికి పద్దెనిమిది నెలల గడువుతో సంఘం వేశారు. అమ్మాయి వేరే దేశానికి వెళ్లిపోయింది. అక్కడ గోడలు తక్కువ కాబోలు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "టీ కొట్టు ముందు బల్లెక్కి మరీ సంతకాలు పెట్టించారుగా. ఇప్పుడెక్కండి బల్ల!" అంది.

డాక్టరు గారు నిన్న కోణాలు కొలిచే స్కేలు పెట్టి చూశారు. మంచి మోకాలు నూట ముప్పై అయిదు డిగ్రీలు వంగాలట. నాది నలభై ఎనిమిది దగ్గర ఆగింది. ఇక ఇంతే అన్నారు.

తప్పు రూళ్ళకర్ర గారిదని మొదటే చెప్పాను. ఆ మాట మీదే నిలబడతాను. కూర్చోవడం ఎలాగూ కష్టం. ఆ కాగితం మీద నా సంతకం కింద ఇంకా రెండు వందల పదకొండు ఉన్నాయి. మీది ఎన్నోదో మీకు తెలుసు. మీ మోకాళ్లు ఇంకా వంగుతున్నాయి కనుక మీకు తొందర లేదు. నాకు పోయినవి మాత్రం సరిగ్గా ఎనభై ఏడు డిగ్రీలు.