కింది ఫోటో

ఎల్లారెడ్డిలో తన వార్డు మహిళలకు రిజర్వయింది కాబట్టి వెంకటి కౌన్సిలర్ కావాలనుకున్నాడు. నామినేషన్ భార్య నిరోష పేరిట వేసి, ఆమె పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటీ, తనవి పదిహేనూ పట్టుకుని పొద్దున్నే కామారెడ్డి బస్సెక్కాడు.

అక్కడ ఫ్లెక్సీలు కొట్టే ప్రేమ్‌కుమార్ కొత్తగా కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నాడు. గురువు యూట్యూబే. "కింద ఫోటో పెట్టి మసక చేయాలన్నా. దాని మీద కొత్త పొర ఏసి గీతలు గీయాలె. గీత కుదిరినంక కింది ఫోటో తీసేయాలె. వెలుగు యాడికెల్లి వస్తదో ముందుగాలనే అనుకుని నీడలు దిద్దాలె" అని వివరించాడు.

"వెలుగు నా తల ఎనుకకెల్లి రావాలె. నన్ను పైన పెద్దగ ఎయ్యి. నిరోషను కింద యాడనన్న ఇరికియ్యి" అన్నాడు వెంకటి. ఆ ఊళ్లో ఉంటున్న తన వార్డు ఓటర్లను కలిసి రావాలని అటే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి బొమ్మ దివ్యంగా కుదిరింది. ఎన్నికల రోజులు, ప్రింటుకు జనం తోసుకుంటున్నారు. ఆ హడావుడిలో ప్రేమ్‌కుమార్ కింది పొరకు బదులు పై పొర తీసేశాడు. గీతలు, నీడలు పోయాయి. మసక వెంకటి మిగిలాడు, తల వెనక వెలుగుతో. ఫోన్‌కు పంపిన నమూనా చూసి వెంకటి "ఇంకింత పెద్దగ ఎయ్యి" అని మాత్రం అన్నాడు.

ఫ్లెక్సీలు ఆటోలో ఎల్లారెడ్డి చేరి, సాయంత్రానికల్లా స్తంభాలకెక్కాయి. ఫ్లెక్సీ మీద పైన మసగ్గా, వెలుగులో కనిపించేవాళ్లు పోయినవాళ్లేనని ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మొదట బీడీలు చుట్టే పక్కింటి భూదవ్వ ఏడుస్తూ నిరోష దగ్గరికి వచ్చింది. "నిన్న గూడ చాయ్ తాగంగ చూసిన గదనే బిడ్డా!"

"ఆయన మంచిగున్నడు అవ్వా. కామారెడ్డి పోయిండు."

"గట్లనే అనిపిస్తది బిడ్డా. మా ముసలోడు పోయినప్పుడు నేను సుత శాన దినాలు గట్లనే చెప్పిన."

చూస్తుండగానే వాకిలి నిండింది. కామారెడ్డిలో ఉన్న వెంకటికి, వరసకు మామ అయ్యే లింగం నుంచి ఫోన్ వచ్చింది.

"వెంకటి ఫోనేనా? దినం ఎన్నడు వెట్టిండ్రు?"

"మామా, నేనే మాట్లాడుతున్న!"

"మరి ఫ్లెక్సీల గట్లెందుకున్నవ్‌రా?" అన్నాడు లింగం కోపంగా.

వెంకటి ఉన్నపళంగా బస్సెక్కాడు.

ఇంటి దగ్గర ఏడుపులు సద్దుమణిగాయి. ఎంతసేపని ఏడుస్తారు? భూదవ్వ ముక్కు చీదుకుని, "ఇగ మా గల్లీ మోరి సంగతి ఎవలు చూస్తరు బిడ్డా?" అంది. ఇన్నాళ్లూ ఆ మురుగు కాలువ గురించి వెంకటినే అడిగేవారు. ఆయన చూద్దాం అనేవాడు.

"నేను చూస్త. నడువుండ్రి" అని నిరోష చెప్పులేసుకుంది. మోరి చూసింది. నల్లా నీళ్లు రాని ఇండ్లు చూసింది. ఒక్కో ఇంటి ముందు నిలబడి ఎందుకు రావట్లేదో అడిగింది. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లంతా వెంట నడిచారు.

చీకటిపడే వేళకు వెంకటి రొప్పుతూ గల్లీలోకొచ్చి, "నేను బతికే ఉన్న!" అని అరిచాడు.

భూదవ్వ అతణ్ని గిల్లి చూసింది. నిజంగానే సంతోషపడింది. "సల్లగుండు బిడ్డా. గని మేం నిరోషతోనే మాట్లాడుకున్నం" అంది.

నిరోష గెలిచింది. గెలుపు ఫ్లెక్సీకి వెంకటి మళ్లీ పదిహేను ఫోటోలు పంపి, ఈసారి తనను కింద వేసినా చాలన్నాడు. ఆ వెనకే ప్రేమ్‌కుమార్‌కు కౌన్సిలర్ గారి ఫోన్ వచ్చింది.

"తమ్మీ, గీత కుదిరినంక ఏం చేయాలని మా ఆయనతోని చెప్పినవ్?"

"కింది ఫోటో తీసేయాలక్కా."

"తీసెయ్."