పారబోసిన డ్రమ్ము

ఆ ఉదయం రేవతికి ఉన్న పని ఒక్కటే. పెరట్లోని డ్రమ్మును ఆటోలో ఎక్కించి బుచ్చిరెడ్డిపాలెంలోని ఒక రొయ్యల గుంటకు తీసుకెళ్లాలి. కాలేజీ పరిశోధన కోసం వరి మడి మట్టి నుంచి నాలుగు నెలలు ఓపిగ్గా పెంచిన సూక్ష్మజీవులు అందులో ఉన్నాయి. వాటిలో ఒక రకం జీవులు పురుగుమందును ముక్కలు చేస్తే, రెండో రకం ఆ ముక్కల్ని తింటుంది, మిగిలిన తుక్కు మూడోదాని వంతు.

నిజానికి వాటిని పక్కింటి రమణయ్య రొయ్యల గుంటలోనే పరీక్షించాలనుకుంది. పొలాల మందునీళ్లు చేరి ఆయన రొయ్యలు రెండుసార్లు చచ్చాయి. అయినా ఆయన ఒప్పుకోలేదు.

"ఉన్న విషం చాలదని పురుగుల్ని గూడా పోస్తావా అమ్మాయ్?"

రేవతి స్నానం చేసి వచ్చేసరికి డ్రమ్ము బోర్లించి ఉంది.

"అత్తమ్మా! ఇందులోది ఏమైంది?"

"కుడితి కుళ్లిపోయిందని కాలవలో పారబోసినా. డ్రమ్ము కడిగినా గూడా," అంది కామాక్షమ్మ మెప్పు కోసం చూస్తూ.

ఆ కాలవ నీళ్లనే రమణయ్య మోటారుతో గుంటలోకి తోడుకుంటున్నాడు. రేవతి పరుగెత్తింది.

"మామా, మోటారు ఆపండి! మందు తినేవి నీళ్లలో కలిసినాయి!"

మోటారు రొదలో ఆయనకు 'మందు', 'కలిసినాయి' అన్నవి మాత్రమే వినిపించాయి.

మధ్యాహ్నానికల్లా రేవతి గుంటలో విషం కలిపిందని ఊరంతా పాకింది. సాయంత్రానికి ఊరి మాటల్లో, గుంటలో లేని రొయ్యలు కూడా చచ్చిపోయాయి. రేవతి ఎంత చెప్పినా రమణయ్య వినలేదు.

"సాక్ష్యంతో పోలీసుల దగ్గరికి పోతా. వారం వారం నీళ్లు నెల్లూరు ల్యాబులో చూపిస్తా!"

కేసు పడితే పరిశోధన ఆపేయాల్సిందేనని కాలేజీ నుంచి ఫోనొచ్చింది. రేవతికి అన్నం సయించలేదు.

మొదటి రిపోర్టులో పురుగుమందు నిండుగా ఉంది. రమణయ్య దాన్ని వీధివీధీ తిప్పాడు. రెండోదాంట్లో సగమే ఉంది.

"సీసా మార్చినారా ఏంది?" అని ల్యాబు వాళ్లమీద విరుచుకుపడ్డాడు. మూడోసారి అక్కడే కూర్చుని పరీక్ష చేయించాడు. పురుగుమందు జాడ కూడా దొరకలేదు.

రమణయ్య ఎవరికీ చెప్పకుండా గుంటలో రొయ్యపిల్లల్ని వదిలాడు. వారమైనా అవి చురుగ్గా ఈదుతూనే ఉన్నాయి. ఆ రోజే రిపోర్టులు పట్టుకుని రేవతి గడప తొక్కాడు.

"తప్పయిపోయింది తల్లీ. మా తమ్ముడి గుంటక్కూడా ఒక డ్రమ్ము కావాల."

రేవతి నవ్వుతూ ఆ రిపోర్టులు అందుకుంది. పగవాడు స్వయంగా చేయించిన పరీక్షలు కావడంతో కాలేజీలో వాటిని ఎవరూ అనుమానించలేదు. ఆమె పద్ధతిని మరో పది గుంటల్లో వాడమని ఉత్తర్వు వచ్చింది.

"నేను పారబోయబట్టే గదా!" అని కామాక్షమ్మ వీధంతా చెప్పుకుంది.

సూక్ష్మజీవుల మీద ఏ సందేహం వచ్చినా ఇప్పుడు చుట్టుపక్కల రైతులు రమణయ్యనే అడుగుతున్నారు.