పిల్లలు కొట్టుకుంటే చాలు

ఆ సోమవారం పొద్దున ఆ ఇంట్లో పెట్టుకున్న పని ఒక్కటే. అమ్మాయి ఇస్త్రీ బట్టలు వేసుకుని, తాను పనిచేసే గుండె జబ్బుల ల్యాబులో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఉన్నది ఒకే సీటు. రాకపోతే తండ్రి మాట్లాడి ఉంచిన మందుల కంపెనీలో నోరెత్తకుండా చేరిపోవాలి. "అక్కడ నువ్వేం చేస్తావో మాకొక్క ముక్క అర్థం కాదు. ఇదే ఆఖరిసారి" అని ఆయన తేల్చేశాడు. తల్లికి మాత్రం కూతురి మీద కొండంత ఆశ.

ఇక్కడో సంగతి చెప్పకపోతే మీరూ ఆ తల్లిలాగే కంగారుపడతారు. ఆ ల్యాబులో గాజు పళ్ళేల్లో గుండె కణాలను పెంచుతారు. వేళకి పోషక ద్రవం పోసి, పండగనీ పబ్బమనీ చూడకుండా సాకుతారు కనుక అక్కడ అందరూ వాటిని ముద్దుగా 'పిల్లలు' అంటారు. ఈ ముద్దు సంగతి అమ్మాయి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

తల్లి కాఫీ పట్టుకుని గది గుమ్మం దాకా వెళ్ళేసరికి అమ్మాయి స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"నిన్న పిల్లలకి ఎవరూ తిండి పెట్టలేదా? నా కొంప ముంచారు కదే! బతికే ఉన్నారా? కొట్టుకుంటున్నారా? అమ్మయ్య! కొట్టుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. ఫ్రీజర్లో ఉన్నవాళ్ళని తియ్యకు. మరీ ఎక్కువైతే సగంమందిని పారేద్దాంలే."

తల్లి ఏదో అడిగేలోపే అమ్మాయి ఆ కాఫీ గటగటా తాగేసి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయింది.

"ఏమండీ! మనమ్మాయికి పిల్లలున్నారు!"

తండ్రి సగం గడ్డం గీసుకున్న మొహంతో పరుగున వచ్చాడు. వెనకాలే ఆయన అక్కగారు. ఆవిడ చెవిన పడ్డ మాట వీధి చివరికి క్షణంలో చేరుతుంది కనుక ఆవిడని చుట్టాలందరూ రేడియో అంటారు.

"ఎంతమందే?" అంది రేడియో.

"తెలీదు వదినా. తిండి లేక ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారట. అది చాలంటోంది!"

"ఫ్రీజర్లో పెట్టడమేంటే? ఒరేయ్ తమ్ముడూ, కారు తియ్యి. ముందు పసివాళ్ళ కడుపు నింపుదాం, తిట్లు తరవాత."

దారిలో పాలు, బిస్కెట్లు కొన్నారు. రేడియో పట్టుబట్టి ఒక గిలక్కాయ కూడా కొనిపించింది. ల్యాబు గేటు దగ్గర కాపలా అతనికి తల్లి ఫోన్లో కూతురి ఫొటో చూపించి భయంభయంగా అడిగింది. "బాబూ, మా అమ్మాయి పిల్లలు ఎక్కడుంటారు?"

"మేడమ్ గారి పిల్లలా అండీ? మూడో గదిలో, ఇంక్యుబేటర్లో."

"అయ్యో, నెలలు కూడా నిండలేదా!" అంటూ ఆవిడ ఎదురుగా కనిపించిన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది, వెనకాలే మిగతా ఇద్దరూ. అది ఇంటర్వ్యూ గది. బల్లకి అవతల పెద్దలు, ఇవతల చెమటలు కక్కుతూ అమ్మాయి. 'మీ పని సామాన్యులకి అర్థమయ్యేలా చెప్పండి' అని పెద్ద ప్రొఫెసర్ అడిగింది. అమ్మాయికి ఇంగ్లీషు పేర్లు తప్ప ఇంకేం నోటికి రావడం లేదు.

"ఎంతమందే పిల్లలు?" అంది తల్లి ఏడుస్తూ.

అమ్మాయి బిత్తరపోయి, అలవాటుగా నిజం చెప్పేసింది. "పది లక్షలుంటారమ్మా."

రేడియో కుర్చీలో కూలబడింది. గిలక్కాయ ఘల్లుమంది. అప్పుడు తెలిసింది అమ్మాయికి, కొంప ఎక్కడ మునిగిందో.

"అమ్మా, వాళ్ళు కణాలే! తాతయ్యకి గుండెపోటు వచ్చినప్పుడు గుండెలో ఒక ముక్క చచ్చిపోయిందన్నారు గుర్తుందా? చచ్చింది మళ్ళీ మొలవదు. మేం మనిషి చర్మంలో చిటికెడు తీసి, దాన్ని గుండె కణాలుగా మార్చి పెంచుతున్నాం. ఎప్పటికైనా ఆ చచ్చిన చోట అతుకు వెయ్యాలని. అవి బతికున్నాయనడానికి గుర్తు ఒకటే, కొట్టుకోవాలి."

ప్రొఫెసర్ లేచి, వాళ్ళందరినీ మూడో గదికి తీసుకెళ్ళింది. తల్లి సూక్ష్మదర్శినిలోకి తొంగి చూసింది. పల్చటి పొర ఒకటి లోపల ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. ఆగడం లేదు.

"కొట్టుకుంటున్నారండీ!" అంది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. తను కన్న పిల్ల, నిన్నమొన్నటి దాకా జడ తనే వేసిన పిల్ల, ఇంత పని చేస్తోందా అని ఆవిడ ఒళ్ళు పులకరించింది.

తండ్రి చూసి, చాలాసేపటి దాకా పక్కకి జరగలేదు. "ఇది నువ్వే చేశావా తల్లీ? మా నాన్నకి అప్పుడు ఇదుంటే..." జేబులోంచి ఫోను తీశాడు. "మందుల కంపెనీవాడికి రాదని చెప్పేస్తా. సీటు వచ్చినా రాకపోయినా సరే."

"వచ్చింది," అంది ప్రొఫెసర్ నవ్వుతూ. "అడిగిన ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు ఉండదు. సామాన్యులకి కూడా ఎంత చక్కగా అర్థమయిందో కళ్ళారా చూశాం."

ఆ రాత్రి ఇల్లంతా సంబరపడుతోంది గాని, ప్రొఫెసర్ 'సామాన్యులు' అన్నది ఎవరినో తేలేదాకా తాను భోజనానికి లేవనని రేడియో అలిగి కూర్చుంది.