తిరగబడిన రెండో సగం

ఆ ఉదయం పరిశోధకురాలు పెట్టుకున్న పని చిన్నదే. కంప్యూటరులో ఆర్నెల్లుగా కదిలిస్తున్న ప్రోటీన్ అణువు ఆటను రెండు సగాలు చేయాలి. ఒక్కో సగంలో అన్నిటికంటే పెద్ద ఊపు ఏదో తీసి, రెండింటినీ పోల్చాలి. రెండూ ఒకటే అయితే ఆ ఊపును నమ్మొచ్చు. పత్రికకు ఇప్పటికే పంపిన మూడేళ్ల కష్టం వ్యాసంగా అచ్చవుతుంది.

తెర మీద అణువు నీటి అడుగున నాచులా ఊగుతోంది. ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు నోరు తెరుస్తుంది, మూస్తుంది. చూస్తూ కూర్చుంటే గదిలో వెలుతురు కూడా దానితోపాటే ఊగుతున్నట్టుంది. ఆ మైకంలోనే ఆమె రెండు సగాల బొమ్మలూ కాగితాల మీద అచ్చు తీసి పక్కపక్కన పెట్టింది. మొదటి దాంట్లో బాణాలు నోరు తెరిచే వైపు, రెండో దాంట్లో మూసే వైపు ఉన్నాయి. పోలిక నూటికి తొంభై ఆరు, ముందు మైనస్ గుర్తు. మైకం దిగిపోయింది.

"సార్, రెండో సగం తిరగబడిందండి."

కిటికీలోంచి మబ్బులు చూస్తున్న ప్రొఫెసరుగారు మెల్లగా ఇటు తిరిగారు. "ఫైళ్లు పాడయ్యాయన్నమాట," అని కంప్యూటరు మిషన్లు చూసే ఆయనకు ఫోన్ చేశారు. ఆయన దాన్ని ఇంకా పాడవుతున్నాయని విని, అన్ని మిషన్లూ ఆపేశాడు. రోజంతా వినిపించే హోరు ఆగేసరికి అంతస్తంతా నిద్రలో ఉన్నట్టయింది. ప్రొఫెసరుగారు ఆ నిశ్శబ్దంలో, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం రాసి పంపించారు.

ఆమె నీరసంగా భర్తకు ఫోన్ చేసింది. "నోరు తెరుచుకోవట్లేదండీ. మూసుకుపోతోంది."

"ఎప్పట్నుంచి?"

"రెండో సగం నుంచి."

అతను వెంటనే తల్లికి చెప్పాడు. "అమ్మా, నీ కోడలికి దవడ పట్టేసింది."

"మరి నీతో ఎలా చెప్పిందిరా?"

"కష్టం మీద చెప్పింది."

రెండు వీధుల అవతల ఉండే అత్తగారు వేడినీళ్ల సంచీ పట్టుకుని పావుగంటలో ల్యాబులో దిగారు. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కోడలు ఏడుస్తూ జరిగింది చెబుతుంటే, దవడ బాగానే ఆడుతోందని చూసుకుని, కళ్లజోడు సవరించుకుని కాగితాలు అందుకున్నారు.

"ఈ బాణాలు ఎవరు పెట్టారమ్మా?"

"కంప్యూటరే పెడుతుందత్తయ్యా."

"ఉయ్యాల ముందుకీ వస్తుంది, వెనక్కీ పోతుంది. ఊపు ఒకటే కదా. బాణం ఎటు గీస్తే ఏం?"

కోడలు రెండో కాగితాన్ని పట్టుకుని, బాణాలన్నిటినీ మనసులోనే అటు నుంచి ఇటు తిప్పింది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి మెత్తగా వాలాయి. మైనస్ తీసేస్తే పోలిక నూటికి తొంభై ఆరు. అంతకంటే మంచి ఫలితం లేదు.

ప్రొఫెసరుగారి ముఖం పాలిపోయింది. "ఉత్తరం పంపేశానే."

"ఎక్కడికి వెళ్తుందండీ? మెయిలు మిషనుతో సహా అన్నీ ఆపేశాగా," అన్నాడు మిషన్లాయన, తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చినవాడు.

అందరూ ఒక్కసారి నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు, మిగతా నాలుగు మార్కులు ఎక్కడ పోయాయని అడిగారు.